చలికాలపు టైరు

చలికాలపు టైరు అనగా చలి తీవ్రంగా ఉండే ప్రాంతాలలో, మంచుతో కప్పబడిన రోడ్లపై వాహనానికి తగిన పట్టు లభించేలా ప్రత్యేకంగా తయారుచేసిన టైరు. ఫిన్లాండ్, స్వీడన్, జర్మనీ, కెనడా, అమెరికా ఉత్తర రాష్ట్రాలు, ఉత్తర జపాన్ మొదలైన చోట్ల వీటి వాడకం ఎక్కువ. మంచు పడిన రోజులకే ఇవి అవసరమని చాలామంది భావిస్తారు. కానీ టైరు ఎంపికలో మంచు కంటే ముందుగా చూడవలసినది ఉష్ణోగ్రత.

తెలుగులో మంచు అనే మాటకు అర్థాలు అనేకం. ఈ వ్యాసంలో ఆకాశం నుండి కురిసే తెల్లని మంచును హిమం అని, రోడ్డుపై నీరు గడ్డకట్టి ఏర్పడే పొరను మంచుగడ్డ అని వ్యవహరించడమైనది.

చరిత్ర

ఫిన్లాండుకు చెందిన ఒక రబ్బరు సంస్థ (నేటి నోకియన్ టైర్స్‌కు పూర్వరూపం) 1934లో లారీల కొరకు మొదటి చలికాలపు టైరును తయారుచేసింది. 1936లో కార్ల కొరకు హక్కపెలీత్త అనే పేరుతో మరొకటి వెలువరించింది. తరువాతి కాలంలో మంచుగడ్డపై పట్టు కొరకు లోహపు మేకులు అమర్చిన టైర్లు ప్రచారంలోకి వచ్చాయి. ఈ మేకులు హిమం లేని రోడ్డును గీరి, ధూళిని లేపుతాయి. ఆ ధూళి సమస్య కారణంగా జపాన్ 1990లో వాటిని నియంత్రిస్తూ చట్టం చేసింది. అటుపై అక్కడ మేకులు లేని టైర్ల అభివృద్ధి వేగం పుంజుకుంది.

పనిచేసే విధానం

సాధారణ వేసవి టైరులోని రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో బిరుసెక్కడం మొదలవుతుంది. బిరుసైన రబ్బరు రోడ్డు ఉపరితలంలోని ఎగుడుదిగుడులకు అతుక్కొనలేదు. అందువలన రోడ్డు పొడిగా ఉన్నా పట్టు తగ్గుతుంది. చలికాలపు టైరులోని రబ్బరు మిశ్రమం చలిలో కూడా మెత్తగా ఉండేలా రూపొందించబడుతుంది.

రెండవ భేదం టైరు ముఖంపై ఉండే గాడులలో కనిపిస్తుంది. లోతైన గాడులలో హిమం దట్టంగా నిండి, రోడ్డుపైనున్న హిమాన్ని పట్టుకొంటుంది. హిమం హిమానికి అంటుకొను గుణం ఇక్కడ ఉపయోగపడుతుంది. గాడుల మధ్యనున్న దిమ్మెలపై వందల కొలది సన్నని చీలికలు ఉంటాయి. మంచుగడ్డపై జారుడుకు కారణమైన పలుచని నీటిపొరను ఇవి తొలగిస్తాయి.

పట్టుకు గల విలువను చిన్న లెక్కతో తెలుసుకొనవచ్చును. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోవు కారు, బ్రేకు పడిన తరువాత ఆగుటకు పట్టే దూరం ఘర్షణ గుణకాన్ని బట్టి ఈ విధంగా మారుతుంది.

* గుణకం 0.7 (పొడి రోడ్డు) అయినచో సుమారు 14 మీటర్లు
* గుణకం 0.3 అయినచో సుమారు 33 మీటర్లు
* గుణకం 0.2 అయినచో సుమారు 49 మీటర్లు
* గుణకం 0.1 (నున్నని మంచుగడ్డ) అయినచో సుమారు 98 మీటర్లు

హిమంపై మంచి టైరు వలన గుణకం 0.2 నుండి 0.3కు పెరిగినా కారు 16 మీటర్ల ముందుగానే ఆగుతుంది. రోడ్డు దాటుతున్న మనిషికి ఆ 16 మీటర్లే ప్రాణం.

గుర్తులు

టైరు పక్క భాగంపై రెండు రకాల గుర్తులు కనిపిస్తాయి. ఎం+ఎస్ (బురద, హిమం) అనునది తయారీదారు తనంతట తాను వేసుకొనే గుర్తు. దానికి పరీక్ష తప్పనిసరి కాదు. మూడు శిఖరాల కొండ, దానిలో హిమరేణువు గల గుర్తు హిమంపై నిర్ణీత పరీక్షలో నెగ్గిన టైర్లకే లభిస్తుంది. ఆల్ సీజన్ అని అమ్మే టైర్లలో కొన్నింటికి ఈ కొండ గుర్తు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కనుక పేరును కాక గుర్తును చూడవలెను. అయితే ఈ పరీక్ష హిమానికి సంబంధించినది. మంచుగడ్డపై పట్టుకు అది హామీ కాదు.

ఎంపికలో గమనించవలసినవి

* కొలత: ఉదాహరణకు 205/55 ఆర్16 91టి అనగా వెడల్పు 205 మిల్లీమీటర్లు, ఎత్తు వెడల్పులో 55 శాతం, రిమ్ము వ్యాసం 16 అంగుళాలు, ఒక్కొక్క టైరు మోయగల బరువు 615 కిలోలు, గరిష్ఠ వేగం గంటకు 190 కిలోమీటర్లు. కారు పుస్తకంలో అనుమతించిన కొలతనే తీసుకొనవలెను.
* నాలుగు చక్రాలకూ ఒకే రకం: ముందు చక్రాలకు మాత్రమే వేసినచో, వంపులలో కారు వెనుక భాగం జారి గిరగిర తిరిగే ప్రమాదం కలదు.
* వయస్సు: టైరుపై ఉండే చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 3823 అనగా 2023లో 38వ వారం.
* గాడుల లోతు: స్వీడన్, ఫిన్లాండులలో చలికాలపు టైరుకు కనీసం 3 మిల్లీమీటర్లు, ఆస్ట్రియాలో 4 మిల్లీమీటర్లు ఉండవలెను.
* గాలి: చలికి టైరులోని గాలి పీడనం తగ్గుతుంది. కాబట్టి తరచుగా సరిచూడవలెను.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కారుకు ఈ టైర్లు అక్కరలేదను అభిప్రాయం సరికాదు. ఆ ఏర్పాటు కారు కదలడానికి తోడ్పడుతుంది. ఆగడానికి ఆధారం టైరు మాత్రమే.

వేసవిలో ఈ మెత్తని రబ్బరు త్వరగా అరుగుతుంది, బ్రేకు దూరం కూడా పెరుగుతుంది. అందుచేత వసంతంలో వీటిని తీసి, చల్లని, పొడిగా ఉండే చీకటి గదిలో భద్రపరుస్తారు.

చట్టాలు

కెనడాలోని క్యుబెక్‌లో 2008 నుండి చలికాలపు టైర్లు తప్పనిసరి. ప్రస్తుతం ఈ నియమం డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు వర్తిస్తుంది. ఒంటారియోలో నిర్బంధం లేదు, కానీ వీటిని వాడేవారికి 2016 నుండి బీమా సంస్థలు రాయితీ ఇవ్వవలసి ఉన్నది. జర్మనీలో తేదీల నియమం లేదు. రోడ్డుపై హిమం, మంచుగడ్డ ఉన్నప్పుడు కొండ గుర్తు గల టైర్లు ఉండవలెను. 2017 వరకు తయారైన ఎం+ఎస్ టైర్లకు ఇచ్చిన మినహాయింపు 2024 సెప్టెంబరుతో ముగిసింది.

తెలుగువారికి సంబంధించి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వాతావరణానికి ఈ టైర్లు అవసరం లేదు. అయితే చదువు, ఉద్యోగాల కొరకు కెనడా, అమెరికా, జర్మనీ దేశాలకు వెళ్ళే తెలుగువారిలో అనేకులకు హిమంపై కారు నడపడం అదే మొదటిసారి. అక్కడ పాత కారు కొనేవారు ఇంజనుతో పాటు టైరుపైనున్న గుర్తు, తయారీ వారం, గాడుల లోతు సరిచూసుకొని, మొదటి హిమపాతానికి ముందే టైర్లు మార్పించుకొనుట మంచిది.

ఇవి కూడా చూడండి

* టైరు
* రబ్బరు
* ఘర్షణ