బుకర్ ప్రైజ్: 104 రోజులు.. 13 పుస్తకాలు.. రిజల్ట్ రాకముందే చదివేస్తున్న రీడర్లు!

క్రికెట్ ఫ్యాన్స్‌కు ఐపీఎల్ ఎలాగో.. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు బుకర్ ప్రైజ్ సీజన్ అలాగ. లాంగ్‌లిస్ట్ వచ్చిందంటే చాలు, చదవడం మొదలుపెట్టేస్తారు. విన్నర్‌ను ప్రకటించేలోపు తమ విన్నర్‌ను తామే తేల్చుకోవాలి. చాలామంది రీడర్లు ఏటా పాటించే రూల్ ఇదే. మరి ఈ రేసు ఎలా నడుస్తుంది? ఇప్పుడు తెలుసుకుందాం.

అసలు బుకర్ ఏంటి?
1969లో మొదలైన అవార్డు ఇది. ఇంగ్లీష్‌లో రాసి, యూకే లేదా ఐర్లాండ్‌లో పబ్లిష్ అయిన నవలలకు ఇస్తారు. ప్రైజ్ మనీ 50 వేల పౌండ్లు. ఐదుగురు జడ్జీలు ముందు 13 పుస్తకాలతో లాంగ్‌లిస్ట్, తర్వాత ఆరింటితో షార్ట్‌లిస్ట్ ఇస్తారు. చివరికి మిగిలేది ఒక్కటే.

లెక్క చూస్తే..
2025లో జడ్జీలు 153 పుస్తకాలు చదివారు. జులై 29న లాంగ్‌లిస్ట్, సెప్టెంబర్ 23న షార్ట్‌లిస్ట్, నవంబర్ 10న విన్నర్. అంటే మొత్తం 104 రోజులు. 13 పుస్తకాలూ చదవాలంటే ఒక్కోదానికి 8 రోజులే! పైగా కొన్ని పుస్తకాలు లిస్ట్ వచ్చేనాటికి మార్కెట్‌లో కూడా ఉండవు. కిరణ్ దేశాయ్ నవల 'ది లోన్‌లీనెస్ ఆఫ్ సోనియా అండ్ సన్నీ' జులైలో లాంగ్‌లిస్ట్‌కు ఎక్కింది. పుస్తకం చేతికొచ్చింది సెప్టెంబర్‌లో. అదీ 650 పేజీలకు పైనే!

2006లో ఒకసారి గెలిచిన ఆమె ఈసారి షార్ట్‌లిస్ట్ దాకా వచ్చారు. కానీ ప్రైజ్ మాత్రం డేవిడ్ సొలోయ్ రాసిన 'ఫ్లెష్'కు దక్కింది.

మరి ఇంత కష్టం ఎందుకు?
విన్నర్ పేరు తెలిశాక అందరూ ఆ ఒక్క పుస్తకమే కొంటారు. మిగతా 12 పక్కకు పోతాయి. ముందే చదివినవాళ్లకు ఆ 12లోనే తమ ఫేవరెట్ దొరకొచ్చు. జడ్జీలు కూడా షార్ట్‌లిస్ట్‌కు ముందు లాంగ్‌లిస్ట్ పుస్తకాలను మళ్లీ చదువుతారు. మొదటిసారి నచ్చిన కథ రెండోసారి కూడా నిలబడాలి కదా!

తెలుగు పుస్తకానికి ఛాన్స్ ఉందా?
అనువాదాల కోసం ఇంటర్నేషనల్ బుకర్ వేరుగా ఉంది. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ 'హార్ట్ ల్యాంప్'కు అది వచ్చింది. ప్రైజ్ మనీలో సగం అనువాదకురాలు దీపా భాస్తికి వెళ్లింది. 2022లో హిందీ నవలకు గీతాంజలి శ్రీ గెలిచారు. తెలుగు పుస్తకం పోటీలో నిలవాలంటే ముందు మంచి ఇంగ్లీష్ అనువాదం కావాలి, అది యూకే లేదా ఐర్లాండ్‌లో అచ్చవ్వాలి. కథ ఎంత గొప్పదైనా ఈ రెండూ లేకపోతే జడ్జీల టేబుల్ మీదకే చేరదు.

ఫస్ట్ టైమ్ ట్రై చేసేవాళ్లు 13 పుస్తకాలూ పెట్టుకోనక్కర్లేదు. చిన్నదానితో మొదలుపెట్టొచ్చు. 2024 విన్నర్, సమంతా హార్వీ 'ఆర్బిటల్' 150 పేజీలు కూడా లేదు. వీకెండ్‌లో అయిపోతుంది!