తాపీ వరద లెక్క: ఒక సాఫ్ట్‌వేరు, మూడు యంత్రాలు

2006 ఆగస్టు 7, 8, 9 తేదీలలో తాపీ నది సూరత్ నగరాన్ని ముంచెత్తిన సంగతి ఆనాడు ఇక్కడ ఉద్యోగం చేసిన మనవారెవరూ మరచి ఉండరు. నగరానికి ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉకాయ్ జలాశయం నుండి గరిష్ఠంగా 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని విడుదల చేయవలసి వచ్చినది. నగరంలో సుమారు ముప్పాతిక భాగం జలమయమైనది. నదికి కుడి గట్టున ఉన్న అడాజన్‌లో అనేక చోట్ల క్రింది అంతస్తులు మునిగిపోయినవి. ఆగస్టు 9 రాఖీ పౌర్ణమి. సముద్రం పోటు మీద ఉన్న రోజులు కావడం చేత నది నీరు త్వరగా దిగిపోయే అవకాశం కూడా తగ్గినది.

ఆ తరువాత ప్రతి వర్షాకాలంలోనూ, ఉకాయ్ నీటిమట్టం 345 అడుగుల పూర్తి స్థాయికి చేరువవుతున్నదని పత్రికలలో వచ్చిన రోజున, అడాజన్‌లోని మా సొసైటీలో ఎవరో ఒకరు నన్ను మెట్ల దగ్గర ఆపుతారు. అపార్టుమెంటును ఇక్కడ సొసైటీ అనే అంటారు. “ఇంజనీరుగారూ, పైనుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే మన పార్కింగులోకి నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయి?” గుజరాతీలో అడిగినా తెలుగులో అడిగినా ప్రశ్న ఇదే. స్కూటరు ఉన్నవారు స్కూటరు కోసం అడుగుతారు. క్రింది అంతస్తులో మంచాన ఉన్న తల్లితో నివసిస్తున్న ఒకాయన మాత్రం, ఆమెను పైకి మోయడానికి నలుగురిని ఎప్పుడు పిలవవలసి ఉంటుందో తెలుసుకోవడానికి అడుగుతారు. ఇంతకాలం నేను ఏదో ఒక జవాబు చెప్పి తప్పించుకునేవాడిని. ఆయనకు అలా చెప్పలేకపోయినాను. ఈ వ్యాసం అక్కడ పుట్టినది.

గోదావరి తీరాన పెరిగిన మనవారికి ఇటువంటి లెక్క కొత్త కాదు. భద్రాచలం వద్ద మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఆ అంకెలు వినగానే దిగువ గ్రామాలవారు ఏ సామాను ముందు ఎత్తాలో నిర్ణయించుకోగలరు. అది తరతరాల అనుభవం ఇచ్చిన తెలివి. సూరత్ వంటి నగరంలో ఆ అనుభవం త్వరగా పాతబడుతుంది. గట్లు లేస్తాయి, కొత్త కాలనీలు వెలుస్తాయి, వాగుల దారి మారుతుంది. ఒకనాడు నీరు వచ్చిన దారిన మళ్ళీ అదే విధంగా వస్తుందన్న హామీ లేదు. అందుచేతనే కంప్యూటరు మీద అనుకరణ గణన, అనగా సిమ్యులేషన్, అవసరమవుతున్నది. నేలను వేలాది చిన్న త్రికోణాలుగా విభజించి, ఒక్కొక్క బిందువు వద్ద నీటి లోతు, వేగం క్షణక్షణానికీ ఎలా మారుతాయో గణించడమే దాని సారాంశం. మూలసూత్రాలు 1871 నాటివి. ఇంజనీరింగు విద్యార్థులు వాటిని సెయింట్ వెనాంట్ సమీకరణాలుగా ఎరుగుదురు.

ఈ పనికి ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్లలో రెండింటిని పరిశీలించినాను. ఒకటి అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం వారి హెక్-రాస్. సూరత్ వరదపైనే దీనితో చేసిన పరిశోధన ఒకటి 2017లో ప్రచురితమైనది. విండోస్ యంత్రంలో పది నిమిషాలలో అమరిపోతుంది. దాని మూల ప్రోగ్రాము మాత్రం మనకు ఇవ్వరు. రెండవది టెలిమాక్. ఫ్రాన్సు దేశపు విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ తన జలశాస్త్ర ప్రయోగశాలలో 1987లో ప్రారంభించి, 2010 దశకం ఆరంభంలో మూల ప్రోగ్రాముతో సహా అందరికీ విడుదల చేసినది. ఒక విద్యుత్ సంస్థ ఇంజనీర్లు తమ అవసరానికి వ్రాసుకున్నది కావడం వల్లనేమో, నా మనస్సు దీనివైపే మొగ్గినది. దీనిని ఎవరి యంత్రంలో వారు కంపైల్ చేసుకోవలసి ఉంటుంది.

కంపైల్ చేయడం అంటే ఏమిటని మా ఇంట్లోనే అడిగినారు గనుక కుటుంబ సభ్యుల కోసం ఒక మాట. మూల ప్రోగ్రాము పెద్దవారు వ్రాసి ఇచ్చిన వంట చిట్టా వంటిది. దానిలో ‘సోలెడు’ అని ఉంటుంది. మన వంటింట్లో ఉన్న గిన్నెలలో సోల అంటే ఏది, మన పొయ్యి మంట ఎంత అన్నది ఎరిగిన మనిషి చేతికి వెళితేనే ఆ చిట్టా వంట అవుతుంది. ఆ మనిషి పనిని చేసేది కంపైలరు. టెలిమాక్ చిట్టా ఫోర్ట్రాన్ భాషలో ఉన్నది. ఫోర్ట్రాన్ 1957లో ఐబీఎం నుండి వెలువడిన భాష. నా చదువు రోజులలో కార్డుల కట్టలు చూపించి పెద్దలు దాని గురించి చెప్పేవారు. ఇప్పటికీ భారీ గణనలలో దాని స్థానం చెక్కుచెదరలేదు.

లినక్స్ యంత్రంలో పని సాఫీగానే సాగినది. కంపైలరు, పైథాన్, అనేక ప్రాసెసర్లు పరస్పరం మాట్లాడుకోవడానికి తోడ్పడే ఎంపీఐ, త్రికోణాల వలను ప్రాసెసర్లకు పంచిపెట్టే మెటిస్: వీటిని ముందుగా అమర్చుకుని, ఏది ఎక్కడ ఉన్నదో సిస్‌టెల్ అనే ఒక ఫైలులో వ్రాసి, కంపైల్ ఆజ్ఞ ఇవ్వడమే. ఒక్క చిక్కు వచ్చినది. 2020లో వెలువడిన జీసీసీ 10వ సంచిక నుండి ఫోర్ట్రాన్ కంపైలరు కఠినంగా మారినది. అంతకుముందు హెచ్చరికతో వదిలిపెట్టిన పాత అలవాట్లను అది తప్పుగా పరిగణించి పని ఆపివేస్తుంది. నేను తెచ్చుకున్న పాత సంచిక అందులో చిక్కుకున్నది. ఉపేక్షించమని తెలిపే ఒక సూచనను సిస్‌టెల్‌లో చేర్చగా ముందుకు సాగినది.

విండోస్‌లో రెండు ఆదివారాలు వృథా అయినవి. ఫోల్డరు పేరు మధ్యలో ఖాళీ ఉంటే కొన్ని ఆజ్ఞలు ఆ పేరును రెండు ముక్కలుగా చదువుతాయి. విండోస్ చిన్న అక్షరానికీ పెద్ద అక్షరానికీ భేదం చూడదు, లినక్స్ చూస్తుంది. కనుక ఇక్కడ దొరికిన ఫైలు అక్కడ దొరకదు. విండోస్ ప్రతి పంక్తి చివర కంటికి కనిపించని రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే పెడుతుంది. విండోస్‌లో దిద్దిన ఆజ్ఞల ఫైలును లినక్స్‌కు తీసుకుపోతే, ఆ అదనపు గుర్తు వల్ల అది మొదటి పంక్తిలోనే బోర్లా పడుతుంది. చివరకు, 2016లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన, విండోస్‌లోనే లినక్స్ నడుపుకునే సదుపాయాన్ని ఆశ్రయించినాను. ఇంటి యంత్రంలో ప్రయత్నించే మన సహోద్యోగులు ఆరంభంలోనే ఈ దారి పట్టడం మేలు.

మూడవది మా అబ్బాయి వాడే మాక్. 2020 చివరి నుండి ఆపిల్ సంస్థ తన సొంత ప్రాసెసర్లకు మారినది. అక్కడ జీసీసీ అని పిలిస్తే పలికేది వేరొక కంపైలరు. దానికి ఫోర్ట్రాన్ రాదు. ఫోర్ట్రాన్ కంపైలరును విడిగా తెచ్చుకోవలసి వచ్చినది. ఆపైన అన్నీ పూర్తయి ప్రోగ్రాము నడిచినది కూడా. కాని రెండు వేర్వేరు ఎంపీఐలు ఆ యంత్రంలో కలగాపులగంగా ఉన్నవి. ఒకదానితో కట్టిన ప్రోగ్రామును మరొకదానితో నడిపితే ఏమవుతుందో ఒక చిన్న పరీక్ష ప్రోగ్రాముతో చూచినాను. నాలుగు ప్రాసెసర్లు పనిని పంచుకోవడానికి బదులు, ఒక్కొక్కటీ తానొక్కతే ఉన్నట్లు భావించి మొత్తం పనిని నాలుగుసార్లు చేసినవి. ఏ దోష సూచనా రాలేదు.

అన్నింటికన్నా నన్ను వేధించినది అంకెల క్రమం. సూరత్ బజారులో 25 అనడానికి ‘పచ్చీస్’ అంటారు: ముందు అయిదు, తరువాత ఇరవై. మనం ‘ఇరవై అయిదు’ అంటాము: ముందు ఇరవై, తరువాత అయిదు. వ్రాసే అంకె ఒకటే, పలికే వరుస తారుమారు. కంప్యూటర్లలోనూ ఇదే భేదం ఉన్నది. పెద్ద సంఖ్యను జ్ఞాపకంలో భద్రపరచేటప్పుడు కొన్ని యంత్రాలు పెద్ద స్థానాన్ని ముందు ఉంచుతాయి, కొన్ని చిన్న స్థానాన్ని ముందు ఉంచుతాయి. 1980, 90 దశకాల యూనిక్స్ వర్క్‌స్టేషన్లలో చాలావరకు మన తెలుగు పద్ధతి. టెలిమాక్ వలల ఫైళ్ళు ఆనాటి ఆచారం ప్రకారమే ఉంటాయి. మన ఇళ్ళలోని ఇంటెల్ యంత్రాలది బజారు పద్ధతి. కంపైల్ చేసేటప్పుడు ఈ సంగతి చెప్పే సూచన నా విండోస్ సిస్‌టెల్ ఫైలులో ఎక్కడో జారిపోయినది. వేల సంఖ్యలో ఉండవలసిన బిందువులను ప్రోగ్రాము ఊహకందని సంఖ్యగా చదివి, అంత జ్ఞాపకస్థలం లేదని చెప్పి ఆగిపోయినది. ఆగిపోవడం నా అదృష్టం.

ఆగకుండా తప్పుడు జవాబు ఇచ్చే ప్రోగ్రామును పట్టుకోవడం ఎలా? ఇందుకు ఈడీఎఫ్ వారు సాఫ్ట్‌వేరుతో పాటు ఇచ్చిన ఉదాహరణలలో ఒకదానిని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

ఫ్రాన్సు దక్షిణ ప్రాంతంలో రెరాన్ అనే చిన్న నదిపై మాల్పాసే అనే కమాను ఆనకట్ట ఉండేది. 1959 డిసెంబరు 2వ తేదీ రాత్రి అది బ్రద్దలై, దిగువనున్న ఫ్రేజుస్ పట్టణం వైపు నీరు ఒక్కసారిగా దూసుకుపోయినది. 420 మందికి పైగా మరణించినారు. ఆ చీకటిలో నీరు ఏ చోటికి ఎప్పుడు చేరినదో గడియారం చూచినవారెవరు? అయినా మూడు స్థలాల లెక్క మిగిలినది. నదీలోయలో ఉన్న మూడు విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లు వరద తాకిన క్షణాన ఆగిపోయినవి. మొదటిది ఆగిన 1140 సెకన్లకు రెండవది, 1320 సెకన్లకు మూడవది. ఆ తరువాత 1964లో ఈడీఎఫ్ ప్రయోగశాల ఆ లోయకు 400వ వంతు పరిమాణంలో నమూనా కట్టి, నీరు వదిలి కొలతలు తీసినది. ఆ లోయనే 13,541 బిందువులు, 26,000 త్రికోణాల వలగా మలచి టెలిమాక్‌తో పాటు ఇస్తున్నారు. విద్యుత్ రంగంలో పనిచేసిన మన సహోద్యోగులకు ఆ మూడు ట్రాన్స్‌ఫార్మర్ల విలువ నేను చెప్పనవసరం లేదు.

మూడు యంత్రాలలోనూ మాల్పాసేను నడిపినాను. నీటి అంచు ట్రాన్స్‌ఫార్మర్లను చేరిన సమయాలు మూడింటిలోనూ పరస్పరం సరిపోయినవి, వాస్తవ సమయాలకు దగ్గరగానే ఉన్నవి. అయితే ఫలితాల ఫైళ్ళను అక్షరం అక్షరంగా పోల్చితే చివరి దశాంశాలు కలియలేదు. మొదట కలవరపడినాను. కారణం కిరాణా కొట్టులో ఉన్నది. పది వస్తువుల ధరలను ఒక్కొక్కదానినీ రూపాయికి సవరించి కూడితే వచ్చే మొత్తం, అన్నీ కూడి చివర సవరించినదానితో కలియకపోవచ్చును. కంప్యూటరు ప్రతి మెట్టులోనూ సవరిస్తుంది. ప్రాసెసర్ల సంఖ్య మారితే కూడిక వరుస మారుతుంది. కంపైలరు వేగం కోసం గుణకారాన్నీ సంకలనాన్నీ ఒకే మెట్టుగా కలిపితే ఒక సవరణ తగ్గుతుంది. ఇటువంటి భేదం దోషం కాదు. కాని ఎంతవరకు సహజమో, ఎక్కడ దోషమో తెలియాలంటే జవాబు ముందుగా తెలిసిన లెక్క ఒకటి చేతిలో ఉండాలి. కంపైలరు దోషాలేవీ చూపకుండా పని ముగించినంత మాత్రాన సాఫ్ట్‌వేరు అమరినట్లు నేను ఇప్పుడు భావించడం లేదు.

ఇక మా సొసైటీ ప్రశ్న. సాఫ్ట్‌వేరు సిద్ధమైనా అడాజన్ జవాబు నా దగ్గర లేదు. నది అడుగు ఎక్కడ ఎంత లోతున్నదో చెప్పే కొలతలు, గట్ల ఎత్తు, సింగన్‌పూర్ వద్ద నదికి అడ్డంగా 1995లో వెలసిన వీయర్ వివరాలు, సముద్రపు ఆటుపోట్లు: ఇవన్నీ సరిగా కూర్చకపోతే తెర మీద కనిపించే నీలి రంగు పటం అందంగానే ఉంటుంది, కాని దానిని నమ్మి ఎవరూ తల్లిని క్రింద ఉంచరాదు. క్రింది అంతస్తు ఆయనకు ఇదే చెప్పినాను. అధికారుల హెచ్చరిక రాగానే, నా లెక్క కోసం ఎదురుచూడక నలుగురినీ పిలవమన్నాను. ఆ నలుగురిలో నా పేరు కూడా వ్రాసుకున్నారు.

లెక్కను మాత్రం విడిచిపెట్టలేదు. మాల్పాసేకు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నట్లు అడాజన్‌కు కొన్ని గుర్తులు ఉన్నవి. మా పంపు గది గోడపై 2006 నాటి నీటి చార రంగు వేసినా లీలగా కనిపిస్తుంది. రోడ్డు మట్టం నుండి దాని ఎత్తును కొలిచి ఉంచినాను. ఆ రోజులలో అడాజన్, రాందేర్, పాల్ ప్రాంతాలలో నివసించిన మన సహోద్యోగులు, వారి కుటుంబ సభ్యులు తమ ఇంటి వద్ద నీరు ఎన్ని మెట్లు ఎక్కినదీ, మొదటి మెట్టును ఏ తేదీ ఏ సమయానికి తాకినదీ జ్ఞాపకం ఉంటే పత్రిక సంపాదకవర్గానికి వ్రాసి పంపవలసినదిగా కోరుతున్నాను. ఇంటి పేరు కన్నా వీధి మలుపు గుర్తు ముఖ్యం. కరెంటు పోయిన సమయం మాత్రం వద్దు. నీరు రాకముందే జాగ్రత్తకై నిలిపివేసిన వీధులు ఉండి ఉండవచ్చును.