పది వేలలో మనకు అందేది ఎంత?

పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఫోన్ బ్యాటరీ 5,000. రెండుసార్లు నిండుతుందనుకుంటాం, ఒకటిన్నర సార్లకే ఖాళీ అయిపోతుంది. కొత్తదైనా, పేరున్న కంపెనీదైనా ఇంతే. ఇందులో భౌతికశాస్త్రం ఎంత, మోసం ఎంత అన్నది విడదీసి చూడాలి.

ఎంఏహెచ్, అంటే మిల్లీ యాంపియర్ అవర్, బ్యాటరీ ఎంత విద్యుదావేశం ఇవ్వగలదో చెబుతుంది. ఎంత శక్తి ఇస్తుందో చెప్పదు. వెయ్యి లీటర్ల నీటిలో ఎంత శక్తి దాగుందో తేల్చాలంటే ట్యాంకు ఎంత ఎత్తున ఉందో కూడా తెలియాలి. బ్యాటరీకి ఆ ఎత్తే వోల్టేజి.

లోపలి లిథియం అయాన్ సెల్ సగటున 3.7 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. 10 యాంపియర్ అవర్లను 3.7తో గుణిస్తే 37 వాట్ అవర్లు. అసలు సరుకు ఇదే. మామూలు యూఎస్‌బీ తీగలోకి కరెంటు 5 వోల్టుల దగ్గర వెళ్లాలి. అదే 37ని 5తో భాగిస్తే మిగిలేది 7,400 ఎంఏహెచ్. వోల్టేజి పెంచే సర్క్యూట్ వేడి రూపంలో ఇంకొంత తినేస్తుంది కనుక చివరికి 6,000 నుంచి 6,500 వరకు బయటికొస్తుంది. ఫోన్ తన బ్యాటరీని నింపుకునేటప్పుడూ కొంత పోతుంది.

కాబట్టి 10,000 అన్నది అబద్ధం కాదు, సెల్ లెక్క. మంచి కంపెనీలు రేటెడ్ కెపాసిటీ పేరుతో బయటికొచ్చే లెక్కనూ వేస్తాయి, కాకపోతే వెనకవైపు చిన్న అక్షరాల్లో. కొనేవాడికి పనికొచ్చేది ఆ అంకె. పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది అదేనని నా అభిప్రాయం.

కొన్ని వందల రూపాయలకే 50,000 ఎంఏహెచ్ అంటూ అమ్మే వాటి సంగతి వేరు. అక్కడ తరిగేది వేడి వల్ల కాదు. ఆ మోసాన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, వంటింటి త్రాసు చాలు. నేటి మంచి లిథియం అయాన్ సెల్ కిలోకి దాదాపు 250 వాట్ అవర్లు దాచుకుంటుంది. 50,000 ఎంఏహెచ్ అంటే 185 వాట్ అవర్లు. సెల్స్ బరువే 700 గ్రాములు దాటాలి. మొత్తం పవర్ బ్యాంకే 300 గ్రాములు తూగితే, అందులో 20,000 ఉండటం కూడా కష్టం. అయితే బరువు కోసం లోపల ఇసుక నింపిన సరుకూ దొరికింది కనుక, తేలికగా ఉంటే మోసం ఖాయమే గానీ బరువుగా ఉన్నంత మాత్రాన నిజమని నమ్మలేం.

విడి సెల్స్‌లోనూ ఇదే కథ. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవుండే 18650 సెల్‌లో పేరున్న తయారీదారులు ఎన్నో ఏళ్లు శ్రమించి సుమారు 3,500 ఎంఏహెచ్ దాకా తెచ్చారు. అదే సైజు సెల్ మీద 9,900 అని ముద్రించి అమ్ముతున్నారు. అలాంటి చోట పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన సెల్స్ కూడా దొర్లుతుంటాయి. వాటితో తక్కువ ఛార్జింగ్ ఒక్కటే బాధ కాదు, అగ్ని ప్రమాదమూ ఉంది. మన దేశంలో పవర్ బ్యాంకులకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకోసం చేసే పరీక్షలు ప్రధానంగా చూసేది భద్రతను.

గల్ఫ్‌కో అమెరికాకో విమానమెక్కేవాళ్లకు ఇంకో చిక్కు. 100 వాట్ అవర్ల వరకు, అంటే 27,000 ఎంఏహెచ్ దాకా, చేతి సంచిలో తీసుకెళ్లొచ్చు. ఆపైన 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే అసలు కుదరదు. లోపల ఎంతున్నా, తనిఖీలో చూసేది పైన రాసిన అంకెనే.