చూసిందే గీస్తున్నారా?

కాకతీయుల తోరణం మీకు కొత్తదేమీ కాదు. 2014లో రూపొందిన తెలంగాణ రాజముద్రలో దాన్ని చూసే ఉంటారు. ఇప్పుడీ పత్రిక పక్కన పెట్టి, జ్ఞాపకం మీద ఆ తోరణం గీయండి. ఒక్కో పక్క స్తంభాలెన్ని? పక్షులు ఎక్కడున్నాయి? పద్మపు మొగ్గలు ఎక్కడున్నాయి?

తడబడ్డారా? సిగ్గుపడకండి. 1979లో నికర్‌సన్, ఆడమ్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ దేశపు సెంటు నాణేన్ని గుర్తుంచుకుని గీయమని కొందరిని అడిగారు. రోజూ చేతులు మారే నాణెమే! అయినా దానిమీది 8 అంశాల్లో సరైన చోట గీయగలిగినవి సామాన్యంగా 3 మాత్రమే. గుర్తుపట్టడానికి ఎంత కావాలో అంతే మన మెదడు దాచుకుంటుందన్నమాట. గీయడానికి అది చాలదు.

కనుక కాగితం, పెన్సిలు తీసుకుని ఖిలా వరంగల్ వెళదాం. నడుమనున్న స్వయంభూ శివాలయం శిథిలమైపోయింది. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలిచి ఉన్నాయి. ఒకదాని దగ్గర నిలబడి ఎదుటి తోరణాన్ని చూడండి. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తని మీకు తెలుసు. అందుకే దూరపుదాన్ని కూడా పెద్దదిగా గీసేస్తారు. నిజానికి అది ఎంత కనిపిస్తోంది?

కొలిచి చూడండి. చేయి బారుగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు నిలువుగా పట్టుకోండి. దాని కొన తోరణం పైభాగానికి ఆనినట్లు ఉంచి, అడుగుభాగం కనిపించేచోట బొటనవేలు పెట్టండి. అదే కొలతతో తోరణం వెడల్పును పోల్చండి. మోచేయి వంచితే కొలత మారిపోతుంది. మీ లెక్కల పుస్తకంలోని సరూప త్రిభుజాలే ఇక్కడ పనిచేస్తున్నాయి.

తర్వాత స్తంభాలను మరచి, వాటి నడుమ కనిపించే ఆకాశం ముక్క ఆకారాన్ని గీయండి. ఆ ఖాళీకి పేరు లేదు. పేరులేని దాన్ని మెదడు ఊహించి గీయలేదు, చూసి తీరాలి!

బొమ్మ పూర్తయ్యాక తేదీ, వేళ రాయండి. మర్నాడు దాన్ని అద్దంలో చూడండి. ఒరిగిన స్తంభం ఇట్టే బయటపడుతుంది. తప్పును చెరిపేయకండి. దాని పక్కనే రాసుకుని, మరో కాగితం మీద మళ్లీ గీయండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గీస్తే నీడలు ఎటు జరిగాయో కూడా తెలుస్తుంది.

మరి సొంత శైలి మాటేమిటి? నాటి వరంగల్ జిల్లాలోని పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చిత్రకళ నేర్చుకున్నారు. అయినా గురువు బొమ్మలకు నకళ్లు గీస్తూ ఉండిపోలేదు, తన నేలమీది బండరాళ్లను చిత్రించారు. మీ పది బొమ్మలూ వరుసగా పరచి చూడండి. ఒకరు నీడలను వదలరు, మరొకరు చిన్న చెక్కడాలను వదలరు. మీ కన్ను మళ్లీ మళ్లీ ఎక్కడ ఆగుతోందో, మీ శైలి అక్కడే మొదలవుతుంది.

మొదట జ్ఞాపకం మీద గీసిన బొమ్మ పారేయలేదు కదూ? దాన్ని పదో బొమ్మ పక్కన పెట్టండి. ఈ మధ్యలో తోరణం మారలేదు, మారింది మీ చూపు!