నెమళ్ళ గుంపుకు కాపలా ఎప్పుడు?

మిడతలు వస్తే దండు అంటాం. చీమలది బారు, గొర్రెలది మంద. నెమళ్ళు ఎన్ని కలిసినా గుంపే. ఇంగ్లండు వారు మాత్రం పక్షికో పేరు పెట్టుకున్నారు. 1486లో అక్కడ అచ్చయిన ఒక వేట పుస్తకంలో కౌజు జాతి పిట్టల గుంపును ‘కవీ’ అనీ, ఫెజెంట్ల గుంపును ‘నై’ అనీ, నెమళ్ళ గుంపును ‘మస్టర్’ అనీ రాశారు. నెమలి కూడా ఫెజెంట్ల కుటుంబంలోదే. కరువు పనుల్లో మస్టర్ వేయించుకున్న పాలమూరు, నల్లగొండ కూలీలకు ఆ మాట కొత్తది కాదు. తెల్లవారగానే చెలకలో హాజరయ్యే నెమళ్ళకు అది బాగానే అతికింది.

రైతుకు తంటా ఆ హాజరుతోనే. విత్తిన పల్లి గింజలను గోళ్ళతో గీరి ఏరుకు తింటాయి. నారుమళ్ళను తొక్కుతాయి, లేత మొలకలను తుంచుతాయి. పురుగులను, చెదలను, చిన్న పాములను తినే మాట కూడా నిజమే గానీ, విత్తనం పోయిన రైతుకు ఆ లెక్క చెబితే వింటాడా?

నెమళ్ళ రాకపోకలకు ఒక వేళ ఉంది. పొద్దున, సాయంత్రం మేస్తాయి. మిట్టమధ్యాహ్నం నీళ్ళకు దగ్గరగా పొదల నీడన ఉంటాయి. మాపటికి ఎత్తయిన చెట్టెక్కి, అరుచుకుంటూ కొమ్మల మీద సర్దుకుంటాయి. ఒకటి బెదిరి అరిచిందంటే మిగతావన్నీ జాగ్రత్త పడతాయి. వానాకాలంలో మగవి తలా ఒక చోటు పట్టుకుని పురి విప్పుతాయి. ఆడవి వచ్చి చూసి జోడు ఎంచుకుంటాయి. మగదాని కన్నీరు తాగి ఆడది గుడ్లు పెడుతుందన్నది వట్టి కథ. పొద కింద నేల మీదనే నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టి, సుమారు 28 రోజులు తల్లి ఒక్కతే పొదుగుతుంది. పిల్లల పెంపకమూ ఆమెదే. మగదానికి ఆ బాధ్యత లేదు!

కాబట్టి రేయింబవళ్ళు కాపలా అక్కరలేదు. విత్తింది మొదలు మొలక గట్టిపడే దాకా పొద్దున, సాయంత్రం మనిషి ఉంటే చాలావరకు నష్టం తప్పుతుంది. గింజ పైన తేలకుండా మన్ను కప్పాలి. పాత కేసెట్ల టేపును చేను చుట్టూ లాగి కడితే గాలికి మోగుతుంది, ఎండకు మెరుస్తుంది. అయితే కొన్నాళ్ళకు నెమళ్ళు దానికి అలవాటు పడతాయి. అప్పుడప్పుడు చోటు మార్చాలి.

కొందరు విసిగి గింజలకు విషం కలిపి చల్లుతున్నారు. ఇది ప్రమాదం. ఆ గింజ కోళ్ళు తిన్నా చస్తాయి. 1963లో జాతీయ పక్షిగా ప్రకటించిన నెమలికి 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చోటుంది. చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, పైగా జరిమానా. వానలు వెనకబట్టాక మగవాటి పింఛాలు వాటంతట అవే రాలుతాయి. వాటిని ఏరుకుంటే నేరం లేదు.