పంట కాలువల్లో పూడిక: లోతు కంటే మట్టం ముఖ్యం

ఆయకట్టు శివారు భూములకు సకాలంలో నీరందకపోవడానికి గల ప్రధాన కారణాల్లో కాలువల పూడిక ఒకటి. కాలువలు కట్టివేసిన వేసవిలో పూడిక తీసినప్పటికీ, మట్టాలను గమనించకపోతే కొద్ది కాలానికే సమస్య పునరావృతమవుతుంది.

వరద కాలంలో నదీజలంతో పాటు ఇసుక, ఒండ్రు కాలువలో ప్రవేశిస్తాయి. ప్రవాహ వేగం తగ్గినప్పుడు ముందుగా ముతక ఇసుక, తరువాత సన్నని రేణువులు అడుగుకు చేరుతాయి. పంజాబ్‌లోని అప్పర్ బారి దోఆబ్ కాలువపై జరిపిన పరిశీలనల ఆధారంగా 1895లో కెన్నెడీ పూడిక చేరని, అడుగు కోసుకుపోని సందిగ్ధ వేగానికి సూత్రం రూపొందించారు. దాని ప్రకారం అక్కడి ఒండ్రుకు 1 మీటరు లోతులో ఈ వేగం సెకనుకు 0.55 మీటర్లు. ముతక రేణువులకు ఇంకా ఎక్కువ వేగం కావాలి.

పూడిక ప్రభావం పైకి కనిపించే దానికన్నా అధికం. వెడల్పైన కాలువలో వాలు, గరుకుదనం మారకుండా నీటి లోతు ఐదో వంతు తగ్గితే, మానింగ్ సూత్రం ప్రకారం ప్రవాహ పరిమాణం సుమారు 30 శాతం తగ్గుతుంది. ఈ లోటును ముందుగా భరించేది శివారు రైతే.

అయితే ఎంత లోతుగా తవ్వితే అంత మేలనుకోవడం పొరపాటు. రూపకల్పన మట్టానికి దిగువన తవ్విన గుంటల్లో వేగం తగ్గి ఒండ్రు మళ్లీ చేరుతుంది. గట్ల పాదాలు బలహీనపడి జారవచ్చు. కాలువ పొడవునా అడుగు లోతైతే నీటిమట్టం తగ్గి, ఎత్తుగా ఉన్న తూములకు నీరెక్కదు.

కావున పని ప్రారంభించే ముందు లెవెల్ పరికరంతో నిర్ణీత దూరాల్లో అడుగు మట్టాలు కొలిచి, మూల నిలువుకోతతో పోల్చాలి. మట్టం పెరిగిన చోట మాత్రమే, నిర్ణీత వాలుకు తవ్వాలి. గుర్రపుడెక్క, తుంగ వంటి కలుపు వేగాన్ని తగ్గిస్తుంది కనుక దానినీ తొలగించాలి. తీసిన మట్టిని గట్టు లోపలి వాలుపై వేస్తే తొలి వర్షానికే తిరిగి కాలువలో చేరుతుంది. సన్నని ఒండ్రును పొలాలకు తోలే ముందు మట్టి పరీక్ష చేయించాలి.

నీటి విడుదల పద్ధతి కూడా ముఖ్యమే. నీరు తక్కువైనప్పుడు పిల్ల కాలువలన్నింటికీ కొద్దికొద్దిగా వదలడం కంటే, వంతులవారీగా పూర్తి ప్రవాహంతో నడపడం వల్ల వేగం నిలిచి పూడిక తగ్గుతుంది. ఈ వంతులను నీటి వినియోగదారుల సంఘాలతో చర్చించి, నాట్లకు ముందే ఖరారు చేయడంలో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర కీలకం.

తవ్విన మట్టి ఘనపరిమాణం పూడికతీతకు కొలమానం కాదు. చివరి తూము వద్ద నిర్ణీత నీటిమట్టం నిలిచినప్పుడే ఆ పని సఫలమైనట్లు.