గట్టు మీద చల్లితే చాలదు... నీటిలో కొలత ప్రకారం కలపాలి

బ్లీచింగు వాడకంలో గ్రామాలు తెలుసుకోవలసిన సంగతులు

తొలకరి వానలు పడ్డాయంటే పల్లెల్లో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. పంచాయతీ పనివారు బస్తా పట్టుకొని మురుగుకాల్వల వెంట, బావి గట్టు చుట్టూ, కుళాయిల దగ్గర తెల్లని పొడి చల్లుకుంటూ పోతారు. ఊరంతా ఘాటు వాసన వేస్తుంది. బ్లీచింగు చల్లేశారు, ఇక భయం లేదని జనం అనుకుంటారు. కాని గట్టు మీద పడిన ఆ పొడి బిందెలోని నీటిని శుభ్రం చేయదు. నీరు బాగుపడాలంటే మందు నీటిలోనే పడాలి. పడినా కొలత ప్రకారం పడాలి. పడిన తరువాత కనీసం ఒక గంట ఆగాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా పెట్టిన ఖర్చు దండగే.

కలరా, టైఫాయిడ్, వాంతులు, విరేచనాలు, కొన్ని రకాల కామెర్లు మలినం కలిసిన నీటి వల్ల వ్యాపిస్తాయి. వానలకు బహిర్భూములు, పెంటకుప్పలు కడుక్కొని వచ్చిన నీరు బావుల్లోకి, చెరువుల్లోకి చేరుతుంది. ఆ నీటికి ముందుగా బలయ్యేది చంటిపిల్లలు, వృద్ధులు. ఒళ్లు నీరసించి ఆసుపత్రికి పరుగెత్తేకంటే నీటిని ముందే బాగుచేసుకోవడం అన్ని విధాలా మేలు.

క్లోరిన్ చేసే పని

సున్నానికి క్లోరిన్ వాయువు పట్టించి బ్లీచింగు పొడి తయారు చేస్తారు. తాజా పొడిలో నూటికి సుమారు 33 పాళ్లు పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. నీటిలో కలిపినప్పుడు అది సూక్ష్మక్రిములను చంపుతుంది. అయితే నీటిలో కుళ్లిన ఆకులు, నాచు, మడ్డి ఉంటే క్లోరిన్ ముందుగా వాటితోనే కలిసి ఖర్చయిపోతుంది. అవి పోగా మిగిలినదే క్రిముల మీద పనిచేస్తుంది. అందువల్ల బురదనీటిలో ఎంత పొడి వేసినా ఫలితం అంతంతమాత్రమే.

పూర్వం మన ఇళ్లలో చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవారు, పటిక తిప్పేవారు. అవి మడ్డిని అడుగుకు దించుతాయి. కాని తేరిన నీరు తెల్లగా కనిపించినంత మాత్రాన అందులో క్రిములు లేవని కాదు. తేర్చడం మొదటి పని, క్లోరిన్ కలపడం రెండవ పని. ఒకదానికి మరొకటి బదులు కాదు.

నీటి ద్వారా రోగం వస్తుందన్న సంగతి లోకం అంత తేలికగా నమ్మలేదు. 1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటి మరణాల లెక్కలు తీసి, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక పంపు నీరే కారణమని చూపించాడు. అధికారులు ఆ పంపు పిడి తీసివేశారు. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్ పట్నంలో టైఫాయిడ్ ప్రబలగా మంచినీటి గొట్టాలను బ్లీచింగు ద్రావణంతో శుద్ధి చేశారు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ ఊరి నీటికి నిత్యం క్లోరిన్ కలపడం మొదలయింది. ఈ పద్ధతి సరైనదేనా అన్న వాదన అక్కడ కోర్టుకెక్కింది. తీర్పు క్లోరిన్‌కు అనుకూలంగానే వచ్చింది.

బావికి ఎంత వేయాలి?

పిడికిళ్లతో, చేటలతో వేసే పని కాదిది. ముందు బావిలో నీరు ఎంతుందో తెలియాలి. తాడుకు రాయి కట్టి అడుగు తగిలేదాకా దించి, తడిసిన మేర కొలిస్తే నీటి లోతు తెలుస్తుంది. బావి వెడల్పును వెడల్పుతోనే గుణించి, దాన్ని లోతుతో, తరువాత 3.14తో గుణించి, 4తో భాగించాలి. కొలతలు మీటర్లలో ఉంటే వచ్చిన అంకెను 1000తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీరు ఉన్న గుండ్రటి బావిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి.

మంచి పొడి అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. అంటే పై బావికి 24 గ్రాములు. ఊళ్లో కలరా వంటి వ్యాధి ఉన్నప్పుడు మోతాదు రెట్టింపు చేసి, రోజూ వేయాలి.

పొడిని నేరుగా బావిలో కుమ్మరించరాదు. ప్లాస్టిక్ బకెట్టులో వేసి, కొద్ది నీటితో ముద్దలా కలిపి, తరువాత ముప్పాతిక వంతు నీరు పోసి బాగా కలియబెట్టాలి. ఒక్కో బకెట్టుకు వంద గ్రాములకు మించరాదు. పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని మాత్రమే వేరొక బకెట్టులోకి వంచుకోవాలి. అడుగు సున్నం బావిలో పోస్తే నీటి కాఠిన్యం పెరుగుతుంది, పప్పు ఉడకదు. తేరిన నీటి బకెట్టును తాడుతో బావిలోకి దించి, నీటి లోపల పైకీ కిందికీ, పక్కలకూ ఆడించాలి. ఊరంతా నీళ్లు తోడుకోవడం ఆగాక, రాత్రివేళ ఈ పని చేయడం మంచిది. కలిపాక గంట దాటే వరకు ఎవరూ చేద వేయకూడదు.

ఇంటి పెరటి బావులకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) జంటకుండల పద్ధతిని రూపొందించింది. కిలో బ్లీచింగును రెండు కిలోల ముతక ఇసుకతో కలిపి, తడిపొడిగా చేసి, చిన్న కుండలో నింపుతారు. దాన్ని పెద్ద కుండలో పెడతారు. రెండు కుండలకూ సెంటీమీటరు వెడల్పు రంధ్రం ఉంటుంది. పెద్ద కుండ మూతికి ప్లాస్టిక్ కాగితం కట్టి, నీటిమట్టానికి మీటరు లోపల వేలాడదీస్తే క్లోరిన్ కొద్దికొద్దిగా దిగుతుంది. సుమారు 4,500 లీటర్ల బావికి ఇది రెండు మూడు వారాలు పనిచేస్తుంది.

చివరి కుళాయి దాకా

ఇప్పుడు చాలా ఊళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకుల నీరే దిక్కు. 40,000 లీటర్ల ట్యాంకుకు పై లెక్క ప్రకారం వంద గ్రాముల పొడి పడుతుంది. కాని అది మొదటి లెక్క మాత్రమే. డెల్టా గ్రామాల్లో కాలువల నుంచి నింపిన చెరువులే మంచినీటికి ఆధారం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువు అడుగంటి నాచు పడుతుంది. అటువంటి నీరు ఎక్కువ క్లోరిన్ మింగుతుంది. సరిపోయిందో లేదో పరీక్ష చేసి చూడవలసిందే.

పరీక్ష కష్టమేమీ కాదు. చిన్న గొట్టంలో నీరు పట్టి మందు చుక్కలు గాని, మాత్ర గాని వేస్తే నీటికి రంగు వస్తుంది. కొన్ని పెట్టెల్లో అది పసుపు, కొన్నింటిలో గులాబీ. రంగును పక్కనున్న పట్టీతో పోల్చుకోవాలి. బావిలో గంట తరువాత లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. కుళాయి నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్నది నిబంధన.

ఈ పరీక్ష ట్యాంకు కింద చేస్తే చాలదు. వీధి చివరి కుళాయి దగ్గర చేయాలి. నీరు అందక గుంట తవ్వి అమర్చిన కుళాయిలు, మురుగుకాల్వ లోంచి పోయిన గొట్టాలు పల్లెల్లో కొల్లలు. మోటారు ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగుళ్ల గుండా చుట్టూ ఉన్న మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మరునాడు మొదటి బిందె పట్టే ఇంటికి అదే వస్తుంది. చివరి కుళాయిలో క్లోరిన్ లేదంటే ఆ వీధికి రక్షణ లేదన్నమాటే. పొడి ఎక్కువ వేసినా పగిలిన గొట్టం అతకదు. దాన్ని మార్చవలసిందే.

బస్తా నోరు తెరిచి పెడితే...

పంచాయతీ కార్యాలయం మూలన మూతి విప్పి పడేసిన బస్తాలో పొడి ఉంటుంది గాని సత్తువ ఉండదు. గాలి, వెలుతురు, తేమ తగిలితే క్లోరిన్ ఎగిరిపోతుంది. చివరకు మిగిలేది సున్నమే. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో, చల్లని పొడిచోట, చీకటిలో దాచాలి. కొనేటప్పుడు తయారైన తేదీ చూడాలి.

ఎరువుల బస్తాలు, కిరసనాయిలు, నూనెల పక్కన దీన్ని ఉంచరాదు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. కలిపేవారు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. పనివారికి ఇవి సమకూర్చడం పంచాయతీ బాధ్యత.

వాసన వస్తోందని వదలవద్దు

మందు వాసన వస్తోందని కొందరు కుళాయి నీరు పారబోసి, శుద్ధి చేయని బోరు నీరు తెచ్చుకుంటారు. లేత వాసన రక్షణకు గుర్తు. బిందెను మూతపెట్టి కొన్ని గంటలు ఉంచితే వాసన తగ్గుతుంది. క్యాన్లలో అమ్మే నీటిని యంత్రంలో వడగట్టడంతో అందులోని క్లోరిన్ పోతుంది. ఆ క్యాను గాని, బిందె గాని మురికిగా ఉంటే తిరిగి క్రిములు చేరకుండా ఆపేది ఏదీ ఉండదు.

క్లోరిన్ సర్వరోగ నివారిణి కాదు. నీటిలోని ఉప్పును, ఫ్లోరైడును అది తీయదు. ఫ్లోరైడుకు పటిక, సున్నం, బ్లీచింగు కలిపి చేసే శుద్ధి పద్ధతి వేరే ఉంది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. అమీబా వంటి కొన్ని క్రిములు మామూలు మోతాదుకు లొంగవు. అనుమానం ఉన్నప్పుడు మరగకాచి చల్లార్చిన నీరే శ్రేష్ఠం. క్లోరిన్ మాత్రలు వాడేవారు ఒక మాత్ర ఎన్ని లీటర్లకో పొట్లం మీద చూసుకొని, వేశాక అరగంట ఆగి తాగాలి.

ఎంత మంచి నీరైనా బిందెలో చెయ్యి ముంచితే చెడుతుంది. మూత, పొడుగు కాడ గరిటె ప్రతి ఇంటా ఉండాలి.

ఇక గ్రామసభలో అడగవలసిన ప్రశ్నలు నాలుగే: ట్యాంకు ఎప్పుడు కడిగారు? పొడి ఎప్పటిది? ఎన్ని గ్రాములు వేశారు? చివరి కుళాయిలో క్లోరిన్ ఎంత ఉంది? వీటికి జవాబులు తేదీలతో సహా ట్యాంకు వద్ద బోర్డు మీద రాయించగలిగితే, గట్టు మీద చల్లే పొడి కన్నా ఊరికి ఎక్కువ మేలు జరుగుతుంది.